ఓడిన రాజుకి టీ లేదు

మా బావ హ్యూబర్ట్ గిల్పిన్ పోయినప్పుడు వారపత్రికలో నాలుగు ముక్కలు వేశారు. రైతు, చర్చి పెద్ద, ఇసొబెల్ భర్త అని. అన్నీ నిజమే. ఆయన ముప్ఫై ఏళ్లకు పైగా మూడు దేశాలకు రాజుగా ఉన్నాడనీ, ఏటా జులై పదమూడున మధ్యాహ్నం ఆ మూడింటినీ పోగొట్టుకునేవాడనీ మాత్రం రాయలేదు. రాయనందుకు ఎవరూ నొచ్చుకోలేదు. మా ఊరు డ్రమ్‌లార్న్‌లో ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసింది అచ్చు వేయించడం మా ఊళ్లో దుబారా కింద లెక్క.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పదహారువందల తొంభైలో మా ఐర్లండులో బోయిన్ నది దగ్గర ఇద్దరు రాజులు కొట్టుకున్నారు. జేమ్స్ క్యాథలిక్కు, విలియం ప్రొటెస్టెంటు. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండుల సింహాసనం ఎవరిదన్నది తగువు, సాక్ష్యానికి ఇద్దరూ దేవుణ్ణే పిలిచారు. పోనీ పరాయివాళ్లా అంటే కాదు. విలియం జేమ్స్‌కి సొంత అక్క కొడుకు, పైగా కూతురి మొగుడు. మేనల్లుడూ వాడే, అల్లుడూ వాడే. అంత దగ్గర సంబంధంలో తగువొస్తే నది ఒడ్డు దాకా పోకుండా ఆగదు. అల్లుడు నది దాటాడు, మామ గుర్రమెక్కి పారిపోయాడు. అప్పట్నుంచీ మా దేశంలో ఎవరు ఏ చర్చికి వెళ్లాలి, ఎవరు ఎవరి కొట్లో మాంసం కొనాలి, ఎవరి పిల్ల ఎవరి పిల్లాణ్ణి చూసి తల తిప్పుకోవాలి అన్నవన్నీ ఆ ఒక్క పూటను బట్టే నడుస్తున్నాయి.

మేం విలియం వైపు. అసలు యుద్ధం ఒక్కసారే జరిగింది. మా ఊళ్లో, ప్రొటెస్టెంటు సంఘం చేతి మీదుగా, ఏటా జరుగుతుంది. అందుకని దాని గురించి అక్కడ పోరాడినవాళ్ల కంటే మాకే ఎక్కువ తెలుసు.

ఊరి చివర గిల్పిన్‌ల పచ్చిక బయలుకి అడ్డంగా ఒక వాగు పోతుంది. ఏడాది పొడుగునా దానికి పేరు లేదు, 'ఆ తడి' అంటాం. జులై పదమూడున అది బోయిన్ నది. అవతలి గట్టున గిల్పిన్‌లదే ఒక చిన్న నేల చెక్క ఉంది, జేమ్స్ సైన్యం అక్కడ నిలబడుతుంది. దాని వెనక ముళ్లకంచె, కంచెలో గేటు. గేటు అవతల టోనర్‌ల బాట. టోనర్‌లు క్యాథలిక్కులు.

ముందు పెద్ద డప్పులు మోగుతాయి. మేకతోలు బిగించిన ఆ డప్పులు మోసేవాడి కంటే వెడల్పుగా ఉంటాయి. మణికట్టు నుంచి నెత్తురు కారకపోతే వాయించినట్టు కాదు. తర్వాత తుపాకులు, ఉత్త మందువి. తర్వాత రాజులిద్దరూ గుర్రాల మీద వాగు నడిమికి వస్తారు. కత్తికి కత్తి మూడుసార్లు. మూడో దెబ్బకి జేమ్స్ కత్తి నీళ్లలో పడాలి, గుర్రం తిప్పి గేటు గుండా పారిపోవాలి, వెనకే సైన్యం పారిపోవాలి, బ్యాండు ఎత్తుకోవాలి. విలియం అవతలి గట్టెక్కి టోపీ ఊపి, తిరిగొచ్చి టీ తాగాలి.

ఈ టీ దగ్గరే ఉంది అసలు సంగతి. గుడారంలో మొదటి కప్పు గెలిచిన రాజుది. పాస్టరుగారి పక్కన కుర్చీ, ముందు గుడ్డు శాండ్‌విచ్‌ల పళ్లెం. గుడారం మా అక్క ఇసొబెల్ చేతిలో ఉండేది, కప్పులు కడగడం నా చేతిలో. అక్క చేసే శాండ్‌విచ్‌లో ఏముందని? ఉడికిన గుడ్డు, సన్నగా తరిగిన ఉల్లికాడ, వెన్న. కానీ దానికోసం పక్క జిల్లా సంఘాలు కూడా తమ ఊరి యుద్ధం మానుకుని మా ఊరి యుద్ధానికి వచ్చేవి.

ఓడిన రాజు గుడారంలోకి రాకూడదు. జేమ్స్ ఫ్రాన్స్‌కి పోయాడు కదా. ఫ్రాన్స్‌కి పోయినవాడు వెంటనే వచ్చి టీ అడిగితే పిల్లలకి చరిత్ర అర్థం కాదు. కాబట్టి ఉపన్యాసాలు అయ్యేదాకా కనబడకుండా, టోనర్‌ల బాట పట్టుకుని చుట్టు తిరిగి, పెద్ద రోడ్డు మీదుగా రావాలి. వచ్చేసరికి బల్లలు తుడిచేసి ఉండేవి. అలా మా బావ, తన పెళ్లాం చేతి శాండ్‌విచ్‌ని ఆ రోజున ఒక్కసారీ తినలేదు.

"ఇంట్లో చేసి పెట్టొచ్చుగా అక్కా," అన్నాను ఒకసారి.

"అవి పదమూడో తారీకు శాండ్‌విచ్‌లే. పధ్నాలుగున చేస్తే ఒట్టి గుడ్లు," అంది.

అంత పట్టుదల గల సంఘంలో, ప్రొటెస్టెంటు చర్చి పెద్దకి ఆ క్యాథలిక్కు రాజు వేషం ఎలా వచ్చిందంటే, కోటు వల్ల. జేమ్స్ కోటు ఎప్పుడో ఒక పొడుగాటి సన్నటి మనిషికి కుట్టింది. పాత జేమ్స్ కెనడా వెళ్లిపోయాక సంఘం వాళ్లు చుట్టూ చూశారు. ఊళ్లో పొడుగ్గా సన్నగా ఉన్నవాడు బావ ఒక్కడే. అప్పటికి ఆయనకి పెళ్లయి ఏడాది. "ఈ ఒక్క ఏడు కానియ్యి," అన్నారు. ఆ ఒక్క ఏడు మా అక్క జుట్టు నెరిసేదాకా సాగింది.

మొదట్లో ఆయన ఊరికే పారిపోయేవాడు. ఎప్పుడూ విలియం వేషం వేసే మాంసం కొట్టు సిసిల్ మెక్రమ్‌కి అది నచ్చలేదు.

"ఏం పారిపోవడమయ్యా అది? చినుకు పడితే పశువుల్ని తోలుకొచ్చేవాడిలా. నిన్ను ఓడిస్తే నాకేం గొప్ప?"

"మరెలా పారిపోమంటావ్?"

"రాజ్యం పోయినవాడిలా పారిపో."

బావకి రాజ్యం లేదు. ముప్ఫై ఎకరాలూ కొన్ని ఆవులూ ఉన్నాయి. కొట్టం వెనక తన ఎర్ర ఆడగుర్రం మీద ఆలోచించుకున్నాడు. తర్వాతి ఏడు, కత్తి జారిపోయాక గుర్రాన్ని మెల్లగా తిప్పాడు. గట్టెక్కి ఆగాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ బయలంతా చూశాడు, మందలో ఒక దూడ తక్కువైందేమోనని చూసినట్టు. టోపీ జారి పడింది. తీసుకుందామా అన్నట్టు దానికేసి చూసి, వద్దులే అనుకుని, గుర్రాన్ని అదిలించాడు. నవ్వడానికి వచ్చిన జనం ఆ కాసేపు నవ్వలేదు. తర్వాత నవ్వారు. అది చూడటానికే కొందరు రావడం మొదలుపెట్టారని సిసిల్‌కి ఎవరూ చెప్పలేదు.

విలియంకి తెల్లగుర్రం ఉండాలి, పటాల్లో అలాగే ఉంటుంది. చుట్టుపక్కల తెల్లగుర్రం ఉన్నది ఒక్క మలాకీ టోనర్‌కి. క్యాథలిక్కు మనిషి, విలియం రాజుకి తన గుర్రాన్ని అరువివ్వడు. మా సంఘం క్యాథలిక్కు మనిషిని గుర్రం అడగదు. అందుకని ఏటా పన్నెండో తారీకు సాయంత్రం మలాకీ గేటు వేయడం మర్చిపోయేవాడు. గుర్రం తప్పిపోయేది. శుభ్రంగా తోమి, తోక దువ్వి ఉన్న గుర్రం. బావకి అది దొరికేది. పదమూడో తారీకు గడిచాక గుర్రం ఇల్లు వెతుక్కుంటూ వెళ్లిపోయేది. ఇద్దరి మధ్యా ఈ విషయమై ఒక్క మాట నడిచినట్టు ఎవరూ చూడలేదు. బజారులో ఎదురైతే తల ఊపుకునేవాళ్లు, అంతే.

యుద్ధం పూట మలాకీకి తన కంచెలో ఒక గుంజ చూసుకునే పని పడేది. అది వాళ్ల తాత పాతిన ఓక్ గుంజ. ఊగదు. ఊగుతోందా లేదా అని చెయ్యేసి, యుద్ధం ముగిసేదాకా అక్కడే నిలబడేవాడు. మేమూ ఆయన్ని చూడనట్టే ఉండేవాళ్లం.

ఇంకో సంగతి. కుండపోత వాన కురిసిన ఏళ్లలో కూడా బావ ఆ చుట్టు దారి అంతా తిరిగి పొడిగానే వచ్చేవాడు. ఎలాగని ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది.

ఇలా నడుస్తుండగా ఒక వసంతంలో సిసిల్‌కి తుంటి పాడైంది. గుర్రం ఎక్కితే దింపడానికి నన్ను పిలవొద్దన్నాడట డాక్టరు. సంఘం హాల్లో మీటింగు పెట్టారు. వెనక వంటగదిలో నేను కప్పులు సర్దుతున్నాను. గోడలో టీ అందించే చిన్న కిటికీ ఉంది. టీ అటు వెళితే మాటలు ఇటు వస్తాయి.

"దీనికి మీటింగెందుకు, ఐవన్ ఎక్కుతాడు," అన్నాడు సిసిల్. ఐవన్ ఆయన కొడుకు, ట్రాక్టర్ల వ్యాపారం. "మా తాత విలియం, మా నాన్న విలియం, నేను విలియం. కోటు ఎలాగూ మా ఇంట్లోనే ఉంది."

కుర్చీ జరిగిన చప్పుడైంది. బావ లేచాడు. మీటింగుల్లో ఆయన లేచేది వెళ్లిపోవడానికే కాబట్టి ఒకాయన తలుపు కూడా తీశాడు.

"ఈ ఏడు నేను చేస్తాను విలియం," అన్నాడు బావ.

తలుపు తీసినాయన దాన్ని మళ్లీ మూశాడు.

"నీకేం తక్కువైంది హ్యూబర్ట్? జేమ్స్‌గా బాగానే ఉన్నావుగా," అన్నాడు సిసిల్.

"బాగానే ఉన్నాను. ఒక్క ఏడే అడుగుతున్నా. ఆ తర్వాత చచ్చేదాకా ఐవన్‌నే చేసుకోమను. వాడికి బోలెడు టైముంది, నాకు లేదు."

"ఇన్నాళ్లూ లేని కోరిక ఇప్పుడేంటి?"

"ఇన్నాళ్లూ ఉంది. అడగలేదు. ఒక్కసారి గెలిచి, గుడారంలో కుర్చీలో కూర్చుని, అందరిలా ఇసొబెల్ చేతి శాండ్‌విచ్ తినాలనుంది. అంతే. రాజ్యం మీరే ఉంచుకోండి."

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "బైబిల్లో దీనికి అడ్డేమీ కనబడదు," అన్నారు.

"మరి జేమ్స్ ఎవరు?" అన్నారెవరో.

విలియం కానివాడు జేమ్స్ అవుతాడు. అందరూ ఐవన్‌కేసి చూశారు.

"నేనా?" అన్నాడు ఐవన్. "నాన్నా, నా దగ్గర ట్రాక్టర్లు కొనేవాళ్లంతా అక్కడే ఉంటారు. వాళ్లందరి ముందూ పారిపోమంటావా?"

"పారిపోయేది నువ్వు కాదురా. జేమ్స్."

"మొహం నాదేగా."

"హ్యూబర్ట్ మొహం ఇన్నేళ్లూ ఎవరిదనుకున్నావ్? కూర్చో," అన్నాడు సిసిల్. గెలిచిన రాజు కదా, న్యాయంగా ఉండాలనుకున్నాడు పాపం. మీటింగు అయిపోయింది.

కోటు మా అక్క ఒళ్లోకి వచ్చింది. మూడు తరాల మాంసం కొట్టువాళ్లకి సరిపడిన కోటు. బావ దాన్ని వేసుకుని నిలబడితే తలుపు తెరిచిన బీరువాలో గొడుగు పెట్టినట్టుంది. అక్క రెండు పక్కలా బిగించి కుట్టింది, మళ్లీ వచ్చే ఏడు విప్పడానికి వీలుగా పెద్ద కుట్లు వేసి. పదమూడో తారీకు పొద్దున గుడారంలో ఆ కుర్చీ ముందు పళ్లెంలో రెండు శాండ్‌విచ్‌లు పెట్టి, పైన ఇస్త్రీ చేసిన గుడ్డ కప్పింది. మిగతా ఏళ్లలో సిసిల్‌కి గుడ్డ కప్పేది కాదు.

ఆ రోజు వాన మామూలుగానే పడింది. డప్పులు మోగాయి, తుపాకులు పేలాయి, టోనర్‌ల కంచె దగ్గర మలాకీ గుంజ మీద చెయ్యేశాడు. తెల్లగుర్రం మీద నారింజ రంగు పట్టీతో, తెల్ల ఈక టోపీతో బావ వాగులోకి దిగాడు. అవతలి నుంచి బావ ఎర్రగుర్రం మీద ఐవన్ దిగాడు. జేమ్స్ కోటు అతనికి బొత్తాం పడలేదు, తాడుతో కట్టారు.

ఒక దెబ్బ. రెండు. మూడు. బ్యాండు ఎత్తుకుంది.

ఐవన్ చేతిలో కత్తి చేతిలోనే ఉంది.

బ్యాండు ఆగింది. బావ, మర్చిపోయాడేమోనని, ఇంకో దెబ్బ వేశాడు. బ్యాండు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఐవన్ ఆ దెబ్బని కాచుకుని తిరిగి వేశాడు. బ్యాండు మళ్లీ ఆగింది. ఎర్రగుర్రానికి మాత్రం పని తెలుసు. మూడో దెబ్బ కాగానే అది గేటు వైపు తిరిగింది. ఐవన్ కళ్లెం లాగాడు. అది మళ్లీ తిరిగింది. ఇలా జేమ్స్ రాజు నది నడుమ గిరగిరా తిరుగుతూ పోరాడాడు.

జేమ్స్ సైన్యంలో సగం మంది లెక్క ప్రకారం అప్పటికే పారిపోయి కంచె అవతల సిగరెట్లు ముట్టించారు. రాజు ఇంకా రాలేదని తెలిసి, వాటిని ఆర్పుకుని, తిరిగొచ్చి వరసలో నిలబడ్డారు. విలియం సైన్యానికి ఓడిపోవడం నేర్పలేదు, ఇంతసేపు గెలవకుండా ఉండటమూ నేర్పలేదు. వాళ్లు ఊరికే తడిశారు. జనం మొదట్లో ఇదేదో కొత్తగా పెట్టారనుకుని చప్పట్లు కొట్టారు. తర్వాత మానేశారు. గుడారంలో నేను రెండోసారి నీళ్లు మరిగించాను.

ఒడ్డున చక్రాల కుర్చీలోంచి సిసిల్ అరిచాడు. "ఐవన్! పారిపోరా!"

కొడుకు పారిపోలేదు. ఆ నీళ్లలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తర్వాత బావే చెప్పాడు, ఐవన్ కూడా కాదనలేదు.

"ఇక వెళ్లు నాయనా, టీ చల్లారిపోతోంది," అన్నాడు బావ.

"వెళ్లను."

"వెళ్లకపోతే ఎలా? అయిపోవాలిగా."

"అయిపోకపోతే మానె. ఫెర్గసన్ ట్రాక్టరు కొంటానన్న ముసలాయన ముందు వరసలో ఉన్నాడు. వాళ్లందరి ఎదుటా నేను వీపు చూపించను."

"చూపిస్తే ఏమవుతుంది? నేను చూపించలా?"

"మీకు అలవాటు. అంత సరదాగా ఉంటే మీరే పారిపోండి."

ఇది ఎగతాళికే అన్నాడు. బావ మాత్రం ఆ మాటని పక్కన పెట్టకుండా కాసేపు చూసుకున్నాడు. అటు గుడారం కనబడుతోంది, గుడ్డ కప్పిన పళ్లెం ఎక్కడుందో తెలుసు. ఇటు కుర్రాడు. వాడు కత్తిని అంత గట్టిగా పట్టుకున్నాడట. కోపంతో కాదు. ఇక ఇందులోంచి ఎలా బయటపడాలో తెలియక. వాడికి వెనక్కి తిరగడం ఎవరూ నేర్పలేదు. ఊరంతా చూస్తుండగా నేర్చుకునే విద్య కాదది, కొట్టం వెనక నేర్చుకోవాలి.

"సరే," అన్నాడు బావ. "ఆ టోపీ ఇటియ్యి."

"ఏంటి?"

"టోపీ. నీది నాకియ్యి, నాది నువ్వు పెట్టుకో. కత్తి నీ దగ్గరే ఉంచుకో, ఇప్పుడది నీకు కావాలి. తొందరగా."

నారింజ రంగు పట్టీ కూడా తలమీంచి తీసి ఐవన్ మెడలో వేశాడు. అలా బోయిన్ నది నడుమ, రెండు సైన్యాలూ చూస్తుండగా, విలియం రాజు జేమ్స్ అయ్యాడు, జేమ్స్ రాజు విలియం అయ్యాడు. అసలు యుద్ధంలో ఇలా జరిగినట్టు ఎక్కడా లేదు. జరిగుంటే మా దేశంలో చాలామందికి చాలా శ్రమ తప్పేది.

"ఇప్పుడు కొట్టు," అన్నాడు బావ. ఐవన్ కొట్టాడు. బావ కత్తి నీళ్లలో పడింది.

తెల్లగుర్రాన్ని మెల్లగా తిప్పాడు. గట్టెక్కి ఆగాడు. వెనక్కి తిరిగి ఆ బయలంతా చూశాడు. నేను గుడారం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను, అక్క నా పక్కన ఉంది. ఆయన చూపు మా దగ్గర మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు ఆగిందనుకుంటాను. పందెం వేయమంటే వెయ్యను. టోపీ జారి పడింది. దానికేసి చూసి, వద్దులే అనుకుని, గుర్రాన్ని అదిలించాడు. జనం ఒక్కసారిగా గొంతెత్తారు. అన్ని ఏళ్లలో అంత పెద్ద కేక వినలేదు. సైన్యం రెండోసారి, ఈసారి సంతోషంగా, పారిపోయింది. బ్యాండు ఆగకుండా వాయించింది.

"గుర్రం తప్పు వైపు పోతోంది," అన్నాడు సిసిల్. ఆయనకి పట్టించుకోవడానికి అది ఒక్కటే మిగిలింది.

ఐవన్ అవతలి గట్టెక్కి టోపీ ఊపాడు. తిరిగొచ్చి గుడారంలో కుర్చీలో కూర్చున్నాడు. అక్క అతనికి మొదటి కప్పు పోసింది. పళ్లెం మాత్రం అతని చెయ్యి చేరేలోపు అక్కడ లేదు. గుడ్డతో సహా నా చేతిలో ఉంది.

"వాగు దాటి టోనర్‌ల ఇంటికి పో. ఇది మీ బావకియ్యి," అంది అక్క.

"టోనర్‌ల ఇంటికా? బావ అక్కడెందుకుంటాడు?"

"ఎప్పుడూ అక్కడే ఉంటాడు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఏటా పదమూడున రాత్రి ఆకలి లేదంటాడు, మీసానికి గూస్‌బెర్రీ జామ్ ఉంటుంది. మనింట్లో గూస్‌బెర్రీ పొద ఉందా?"

లేదు. నేను గౌను ఎత్తి పట్టుకుని బోయిన్ దాటాను. కంచె దగ్గర గుంజ ఒక్కటే ఉంది.

అంత దగ్గరలో పుట్టి పెరిగి నేను ఆ ఇంటి గుమ్మం తొక్కడం అదే మొదలు. గోడ మీద క్యాథలిక్కులు పెట్టుకునే ఏసు గుండె పటం, దాని కింద చిన్న ఎర్రదీపం. ఆ దీపం ముందు మా చర్చి పెద్ద, జేమ్స్ రాజు, బూట్లు విప్పేసి, తడి మేజోళ్లు పొయ్యి కడ్డీకి ఆరేసి కూర్చున్నాడు. ఒంటి మీద ఇంకా విలియం కోటే. మలాకీ అప్పుడే పొయ్యిలో ఎండబెట్టిన బురదనేల మన్ను పెళ్లలు, మా దగ్గర వంటచెరకు అదే, పేరుస్తున్నాడు.

"నీళ్లు పెట్టలేదయ్యా," అంటున్నాడు. "ఈ ఏడు గెలుస్తావని ఊరంతా చెప్పుకుంటుంటే రావేమో అనుకున్నా. ముందే చెప్పొద్దూ?"

"నాకూ తెలీదు."

"రొట్టె కూడా నిన్నటిదే ఉంది. రాజులొస్తారని ఎవరనుకున్నారు." నన్ను చూసి లేచాడు. "రామ్మా, కూర్చో. మహారాజుగారి మరదలివి కదూ. ఇన్నేళ్లూ ఒక్కడే పారిపోయి వచ్చేవాడు. ఈసారి పరివారం కూడా."

ఏం చెయ్యాలో తెలియక కూర్చున్నాను. పళ్లెం బల్ల మీద పెట్టాను.

"అక్క పంపింది," అన్నాను.

బావ గుడ్డ తీసి చూశాడు. మళ్లీ కప్పాడు. మళ్లీ తీశాడు.

"అయితే దానికి తెలుసన్నమాట," అన్నాడు.

"జామ్ వల్ల," అన్నాను.

ఆయన మీసం తుడుచుకున్నాడు. ఇంకా ఏమీ తినలేదప్పటికి.

మలాకీ కిటికీలోంచి బయటికి చూశాడు. "నా గుర్రం పుట్టి బుద్ధెరిగాక ఓడిపోవడం ఇదే మొదలు. పాపం దానికేం అర్థం కావట్లేదు. గేటు దగ్గర నిలబడి ఎవరు తరుముతున్నారా అని వెనక్కి చూస్తోంది."

"అలవాటవుతుంది," అన్నాడు బావ.

పళ్లెంలో రెండు ఉన్నాయి. ఒకటి మలాకీ ముందుకి జరిపాడు. మలాకీ దాన్ని రెండు పక్కలా తిప్పి చూసి, సగం కొరికి, చాలాసేపు నమిలాడు.

"ఇదేనా?"

"ఇదే."

"మొత్తానికి బోయిన్ దగ్గర మావాళ్లు పోగొట్టుకున్నది తక్కువేం కాదు," అని మిగతా సగం నోట్లో పెట్టుకున్నాడు.

బావ తనది మెల్లగా తిన్నాడు. ముక్కలు రాలితే వేలితో అద్దుకుని తిన్నాడు. అంతా అయ్యాక మేజోళ్లు అటూ ఇటూ తిప్పి ఆరేశాడు. నీళ్లు మరిగేసరికి, "జామ్ ఉందా మలాకీ?" అన్నాడు.

ఉంది.

ఐవన్‌కి ఆ తర్వాత విలియం వేషమే స్థిరపడింది, ట్రాక్టర్లకి లోటు రాలేదు. ముందు వరసలో ముసలాయన, నిలబడి పోరాడే కుర్రాడని మెచ్చుకుని కొన్నాడు. అక్క కోటుకి వేసిన కుట్లు విప్పి వాళ్లింటికి పంపేసింది. బావ మళ్లీ ఎప్పుడూ గెలుస్తానని అడగలేదు. మీటింగుల్లో లేచినప్పుడల్లా సిసిల్ ఉలిక్కిపడేవాడు కానీ, ఆయన ఇంటికెళ్లడానికే లేచేవాడు. మరుసటి ఏటి నుంచి జులై పదమూడు పొద్దున, గుడ్డ కప్పిన పళ్లెం ఒకటి గుడారానికి వెళ్లేది కాదు. వాగు అవతల కంచె గేటు మీద ఉండేది. పళ్లెంలో నాలుగు.

తర్వాత కొన్నేళ్లకి ఈ దేశంలో రెండు చర్చిల వాళ్లూ తుపాకుల్లో మళ్లీ నిజం తూటాలు వేయడం మొదలుపెట్టారు. ఆ ఏళ్ల గురించి రాయడానికి వేరేవాళ్లున్నారు. మా ఊళ్లో రెండు మూడుసార్లు యుద్ధం మానేయమని పోలీసులు చెప్పారు, నిజం యుద్ధానికి అడ్డొస్తుందని. అలా మానేసిన ఏళ్లలో కూడా బావ పదమూడున మధ్యాహ్నం, కోటు లేకుండా, గుర్రం లేకుండా, వాగు దాటి పారిపోయేవాడు. రోడ్డు చివర సైనికులు ఆపి ఎక్కడికని అడిగారు ఒకసారి. "ఫ్రాన్స్‌కి," అన్నాడట. వాళ్లు ఇంగ్లండు కుర్రాళ్లు, చరిత్ర తెలియదు. సంచీ విప్పించి, గుడ్డు శాండ్‌విచ్‌లు చూసి వదిలేశారు.

ఆయన్ని మా చర్చి పెరట్లో పాతిపెట్టిన రోజు కూడా వాన. ఐవన్ శవపేటిక మోశాడు, ముందు కుడివైపు. పాస్టరుగారు ఆయన మంచితనం గురించి చెప్పారు, రాజరికం గురించి చెప్పలేదు. మలాకీ అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. చర్చి లోపలికి రాలేదు, వాళ్లు రారు, మేమూ రమ్మనం. ప్రార్థన జరిగినంతసేపూ బయట గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను చివరగా బయటికి వచ్చేసరికి గేటు గుంజ మీద చెయ్యేసి ఉన్నాడు.

"ఊగుతోందా?" అన్నాను.

కాస్త కదిపి చూశాడు.

"లేదు," అన్నాడు. "గట్టిగానే ఉంది."